ఊరి రేటు

"ఊళ్లో ఇదే పని చేసేవాళ్లకి ఎంతిస్తున్నారో చూడమని మనమే అడుగుదాం," అన్నాడు డ్వేన్. "అప్పుడు సిటీవాళ్ల బండారం బయటపడుద్ది."

బ్రాకెన్‌విల్ సిటీ మురుగునీటి విభాగంలో ఉన్నది ఏడుగురు. మ్యాన్‌హోల్ మూత తీసి, గొట్టం దింపి, ఊరు వదిలించుకున్నదాన్నంతా కడిగి పంపడం వాళ్ల పని. మూడేళ్లుగా జీతం పెరగలేదు. గుడ్లు, గ్యాసు, ఇంటద్దె మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా పెరిగాయి. పాత రైలు గేటు దగ్గర ఒక డ్రైనేజీ కంపెనీ ఉంది. కాలువ పూడిందని ఫోన్ చేస్తే ఇళ్లవాళ్ల దగ్గర గంటకి నూట ఎనభై డాలర్లు గుంజుతుంది. అంత గుంజేవాడు పనివాడికి ఎంతిస్తాడో అని ఆరుగురికి నోరూరింది.

ఆర్విల్ ఒక్కడే వద్దన్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు, అందరికన్నా పెద్దవాడు.

"ఆ తేనెతుట్టెని కదపొద్దురా. వచ్చేదేదో రానీండి," అన్నాడు.

"పెద్దాయనా, నీకు కావాల్సింది జీతం కాదు, చేప," అన్నాడు డ్వేన్. అందరూ నవ్వారు. శనివారం వస్తే చాలు, పొద్దున్నే గాలాలు కారులో పడేసుకుని పోతాడు ఆర్విల్. ఇన్నేళ్లలో ఒక్క క్యాట్‌ఫిష్ తెచ్చి చూపించిన పాపాన పోలేదు. వాళ్లింట్లో చేపకి పట్టించి వేయించడానికి తెచ్చిన మొక్కజొన్నపిండి ఎదురుచూసి ఎదురుచూసి పురుగు పట్టిందని సిటీ షెడ్డులో పాత జోకు.

ఆర్విల్ భయమేమిటో వాళ్లకి తెలియంది కాదు. అతని భార్య నెడ్రాకి కీళ్లవాతం. నెలకో సూది పడాలి. ఆ సూది ఖరీదు ఆర్విల్ నెల జీతం కన్నా ఎక్కువ. సిటీ ఇచ్చే ఇన్సూరెన్స్ వల్లే ఆమె వేళ్లు ఇంకా కప్పు పట్టుకోగలుగుతున్నాయి. ఇన్సూరెన్స్ పోను చేతినుంచి పడేదే అతని నడుం విరుస్తోంది. అలాంటివాడికి ఉన్నదానిమీద కూడా భయమే కదా అని సరిపెట్టుకున్నారు. చివరికి అర్జీమీద ఏడో సంతకం ఆర్విల్ పెట్టాడు. పెట్టకపోతే బాగుండదని పెట్టాడు.

సిటీ ఒక సర్వే సంస్థని పిలిచింది. క్లైన్ అనే ఆవిడ నాలుగు నెలలు తిరిగి, ఫోన్లు చేసి, కాగితాలు నింపుకుంది. ఊరంటే చుట్టూ ముప్పై మైళ్లు అని సిటీ కౌన్సిల్ గీత గీసింది. మార్చిలో ఒక మంగళవారం సాయంత్రం కౌన్సిల్ హాల్లో నివేదిక చదివారు. ఏడుగురూ ఉతికిన చొక్కాలు తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నారు. అందరూ కలిసి రాసిన కాగితం ఆర్విల్ చేతిలో ఉంది. జనం తరఫున ఎవరు మాట్లాడినా మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాలూ పెద్దవాడికే ఇచ్చారు.

క్లైన్ ఎవరినీ నొప్పించకుండా, మెల్లగా చెప్పింది. ముప్పై మైళ్లలో ఇదే పనికి మనిషిని పెట్టుకున్న చోటు ఒక్కటే దొరికింది. అక్కడా ఓనరు, అతని అల్లుడు సొంతంగా చేసుకుంటారు. జీతానికున్నది ఒక్కడే. అతనికి గంటకి పద్నాలుగు డాలర్లు. సిటీ ఇచ్చేది ఇరవై మూడు.

"మరి ఇన్సూరెన్స్?" అని కౌన్సిల్లో ఒకాయన అడిగాడు.

"లేదండీ. ఆయన అడగలేదట. నాకక్కర్లేదు అన్నాడట," అంది క్లైన్. పేరు చెప్పడం పద్ధతి కాదని కూడా అంది.

హాల్లో గుసగుసలు లేచాయి. డ్వేన్ పళ్లు కొరికాడు. ఇన్సూరెన్స్ అక్కర్లేని మనిషి ఈ దేశంలో ఎవడున్నాడని పక్కవాణ్ణి అడిగాడు.

కౌన్సిల్ అధ్యక్షురాలు ఆర్విల్ పేరు పిలిచింది. ఆర్విల్ మైకు దగ్గరికి వెళ్లాడు. గోడమీద గడియారం మూడు నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అతను కాగితం విప్పాడు. దానివైపు కాసేపు చూశాడు. మళ్లీ మడిచాడు.

"చెప్పడానికేం లేదండీ," అని వచ్చి కూర్చున్నాడు. గడియారంలో ఇంకా రెండున్నర నిమిషాలున్నాయి.

ఓట్లు చకచకా పడ్డాయి. జీతం ఇంకో మూడేళ్లు ఇంతే. జులై నుంచి ఇన్సూరెన్స్‌లో సగం పనివాళ్లే కట్టుకోవాలి. ఊరి రేటు కన్నా తొమ్మిది డాలర్లు ఎక్కువిస్తున్నందుకు సిటీని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. అడుక్కోబోతే ఉన్న బొచ్చె పోయినట్టయింది.

బయట కార్ల దగ్గర ఎవరికీ ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

"ఇదే పని మనం బయట చేస్తే ఉద్యోగం ఊడుద్ది," అన్నాడు డ్వేన్. "వాడెవడో దిక్కుమాలినోడు పద్నాలుగుకి ఒప్పుకుని మన గొంతులు కోశాడు. దొరికితే మ్యాన్‌హోల్లోకి దింపి మూతేస్తా."

"వాడికేం కష్టమొచ్చిందో," అన్నాడు ఆర్విల్.

"నీలాంటి మెతకోళ్లుండబట్టే మన బతుకులిలా ఏడిశాయి. మైకు దగ్గర నోరు పడిపోయిందా నీకు?"

ఆర్విల్ తన కారు తలుపు తీశాడు.

ఇంట్లో నెడ్రా రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుని ఉంది. ఆర్విల్ జరిగిందంతా చెప్పాడు. జులై నుంచి నెలకి ఎంత పడుతుందో చెప్పాడు. ఆమె కప్పు బల్లమీద పెట్టింది.

"అయితే ఇక ఆదివారాలు కూడా చేపలకేనా?" అంది.

"తప్పదు."

శనివారం పొద్దున్నే ఆర్విల్ ఎప్పటిలాగే గాలాలు కారులో పడేసుకుని, చెరువుకి తిరిగే మలుపు దాటేసి, పాత రైలు గేటు పక్కనున్న డ్రైనేజీ కంపెనీ షెడ్డులోకి వెళ్లి, గోడకి తగిలించి ఉన్న తన బూట్లు తొడుక్కున్నాడు.