భూతద్దం కింద మఫ్లర్

“కొన్నానని చెప్పానుగా. ఒక్క మఫ్లర్‌కి ఇంత పంచాయితీ ఏమిటి?” అన్నాడు భర్త, కంచంలోంచి తల ఎత్తకుండా.

టిఫిన్ డబ్బా కడుగుదామని భార్య ఆయన ఆఫీసు సంచీలో చెయ్యి పెడితే, డబ్బా కింద మడతపెట్టి ఉంది అది. ఉన్ని మఫ్లర్. నెమలికంఠం రంగు. ఆ రంగంటే ఆమెకు ప్రాణం. ఇంకెవతో తనకిష్టమైన రంగే ఏరుకుని మరీ తన మొగుడి మెడకు చుట్టిందని తేల్చేసుకుంది.

వేరొకరైతే ఏడ్చేవారు. ఆమె మఫ్లర్‌ని దీపం కిందికి జరిపింది. ఆమెది కస్టమ్స్‌లో ఉద్యోగం. ఓడల్లో దిగే శాలువాలు, మఫ్లర్లు, చేతి తొడుగులు ఏ పద్దు కిందికి వస్తాయో, దేనికెంత సుంకం పడుతుందో తేల్చాలి. నేసినదానికి ఒక పద్దు, అల్లినదానికి ఇంకొకటి. వ్యాపారి కాగితం మీద ఏం రాసుకొచ్చినా ఆమె దగ్గర చెల్లదు. సరుకు ఏం చెబితే అదే ఖాయం. ఆఫీసులో చాటుగా ఆమెని ‘భూతద్దం’ అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో ఇంటిదాకా వచ్చింది.

“అయిపోయావు నాన్నా. భూతద్దం బయటికి వచ్చింది,” అంది కూతురు, నవ్వు ఆపుకుంటూ.

“కొన్నదైతే లేబుల్ ఏదీ?” అంది ఆమె. “పోనీ పీకేశారనుకుందాం, కుట్టిన గుర్తయినా ఉండాలిగా. ఇది మిషను పని కాదండీ. చేత్తో అల్లింది.”

ఆయన మాట మార్చాడు. తెలిసినవాళ్లెవరో ఇచ్చారన్నాడు. ఎవరని అడిగితే పచ్చడి వడ్డించమన్నాడు. అత్తగారు కొడుకు తరఫున అందుకుంది. ఆ ఆఫీసులో గొడ్డుచాకిరీ చేసి పిల్లాడి మొహం ఎంత నల్లబడిపోయిందో కళ్లు పెట్టి చూడమంది. నాలుగు ముద్దలు తిననిచ్చాక విచారణ చేసుకోవచ్చుగా అంది.

కోడలు వినిపించుకోలేదు. మఫ్లర్ అంచున వేలాడుతున్న పోగు తెంపి పొయ్యి మంటకు చూపించింది. వెంట్రుక కాలిన కంపు కొట్టింది. మిగిలిన మసి వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది.

“అచ్చమైన ఉన్ని. చవకరకం కాదు, మనసుపెట్టి ఏరుకున్నది.”

అసలు మంట అక్కడే ఉంది. పొద్దస్తమానం ఊరందరి ఉన్నినీ పిసికే తన చేతులు ఈ మనిషి కోసం ఏనాడూ ఒక్క వరస అల్లలేదు. ఆవిడెవరో అల్లింది. ఒక్కో కుట్టూ చూసేకొద్దీ ఆ వేళ్ల మీద అసూయ ముంచుకొచ్చింది.

“ఈ కొస చూడండి. కుట్లు బిగుసుకుపోయాయి, అక్కడక్కడ జారాయి కూడా. ఆ కొసకు వెళ్లేసరికి అన్నీ ఒకే తీరు. అంటే ముందే వచ్చిన పని కాదు. దీంతోనే నేర్చుకుంది. మీకోసం నేర్చుకుంది.”

“అమ్మా, ఇంక చాల్లే,” అంది కూతురు. ఇప్పుడు నవ్వడంలేదు.

ఆమె జడలోంచి పిన్ను తీసి, అల్లిక సందుల్లోంచి ఎండుటాకు ముక్కలు లాగి బల్ల మీద పేర్చింది. అవి పైన అంటుకున్నవి కావు, అల్లుతుండగా లోపల చిక్కుకున్నవి. మొదట అల్లిన వైపు రంగు కాస్త వెలిసింది కూడా. ఆఫీసులో తీర్పు చదివే గొంతే వచ్చేసింది ఆమెకు.

“చెట్టు కింద కూర్చుని అల్లింది. పట్టపగలు, ఎండలో. పార్కు బెంచీ మీద అయివుంటుంది. ఇంత పొడుగు అల్లడానికి వారాలు కావాలి. రోజూ పొద్దుట్నుంచి సాయంత్రందాకా పార్కులో కూర్చునే తీరిక ఎవరికుంటుందండీ? ఉద్యోగం సద్యోగం లేని మనిషికి. ఇంట్లో మొహం చూపించలేక బయట పొద్దుపుచ్చే మనిషికి. అలాంటిదా దొరికింది మీకు?”

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. బల్ల మీది మఫ్లర్ తీసి దులిపి, ఆమె మెడ చుట్టూ వేశాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. తల్లి వంక, కూతురి వంక, చివరికి ఆమె వంక చూశాడు.

“అంతా సరిగ్గానే తేల్చావు,” అన్నాడు మెల్లగా. “రేపటి నుంచి పార్కుకి వెళ్లను. ఇంట్లోనే కూర్చుని అల్లుతాను.”