గీతలో ముడి

"నా గీత తప్పని చెప్పడానికి మీ ప్రోగ్రామెవరమ్మా? ఈ రెండు కాళ్ళతో నడిచి గీసిన హద్దు అది!"

స్పీకర్ ఫోన్లో ముసలి రైతు నెవిల్ కేకలకి ఆవుల మెడపట్టీలు చేసే కంపెనీ హోబార్ట్ ఆఫీసు అదిరిపోతోంది. వెనక కుక్క ఒకటే మొరుగుడు. ఏరు పొంగి కంచె కొట్టుకుపోయింది. అరగంటలో నూట ఎనభై ఆవుల్ని మెరక మీదికి మళ్ళించాలి. ఫోను పట్టుకుని హద్దు చుట్టి వస్తే చాలు, ఆ దారే తెర మీద గీతవుతుంది; మెడపట్టీలే ఆవుల్ని దాని లోపలికి తోలి కంచెలా కాస్తాయి. ఆవు గీత దాటబోతే పట్టీ కూత పెడుతుంది. కానీ ఆకారాల లెక్కలు కట్టడానికి ప్రోగ్రామర్ బ్రిడీ రాసిన ప్రోగ్రాం ఆ గీతని తీసుకోనంది. 'గీత తనని తానే దాటింది. ఏది లోపలో ఏది బయటో చెప్పలేను' అని మొండికేసింది.

"నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను," పళ్ళు కొరికాడు మేనేజర్ కెల్విన్. "తప్పుడు గీతొస్తే గప్‌చుప్‌గా సరిదిద్దెయ్యాలి గానీ, రైతుతో పేచీ ఏంటి? గీతని పరీక్షించే ఆ తనిఖీ ఇప్పుడే పీకెయ్!"

బ్రిడీకి పీకడం క్షణం పని. ఆ తర్వాత ప్రోగ్రాం గీతలో ఏ ముక్క ఉంచుతుందో, ఏది వదిలేస్తుందో దేవుడికే తెలియాలి.

"నెవిల్ గారూ, మీ ఫోన్లో తూర్పు మూల ఎర్ర చుక్కుంది చూడండి. గీత అక్కడ ముడిపడింది. ఆ ముడిలో ఏముంది?"

"ఏముంటుంది, గడ్డి! ఇరవై నిమిషాల్లో చుట్టొచ్చాను, నాకు తెలీదా?"

డెబ్బై ఆరేళ్ళకి ఇరవై నిమిషాలే! గట్టి పిండమే అనుకుంది బ్రిడీ. "ఒక్కసారి తలెత్తి చూడండి, మీకు పుణ్యముంటుంది."



"అమ్మాయ్... అక్కడ గడ్డి లేదు. ఏరే ఉంది. సుళ్ళు తిరుగుతోంది."

కెల్విన్ తెర మీది ఎర్ర చుక్కకేసి చూశాడు. గప్‌చుప్‌గా సరిదిద్దుంటే ఆ సుడి కూడా మేతలో కలిసిపోయేది.

"వేలితో ఆ ముడి చెరిపెయ్యండి," అంది బ్రిడీ. చెరిపాడు. గీత ఆకుపచ్చగా మారింది, ప్రోగ్రాం ఒప్పుకుంది. పావుగంట ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.

"ఎక్కేశాయమ్మా! ఆఖరి దూడతో సహా అన్నీ మెరకెక్కేశాయి!"

బ్రిడీ కుర్చీలో కూలబడి, హమ్మయ్య అని కళ్ళు మూసుకుంది.

"ఆ తనిఖీ ఉండనీ తల్లీ," అన్నాడు కెల్విన్. ఫోనుకేసి వంగాడు. "అది సరే పెద్దాయనా, అంత నీళ్ళలోకి మీరెలా దిగారు?"

నెవిల్ గొంతు తగ్గించాడు. "మా ఆవిడకి చెప్పకండేం? మోకాలు పట్టేసి నెలైంది. ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మా కుక్క మెడకి కట్టి పంపాను... దార్లో వెధవకి బాతు కనబడింది."