బొడ్డమ్మ ఆవుకి ఏమీ కాలేదు

ఊళ్లో గొడ్లన్నీ జ్వరంతో పడ్డాయి. బొడ్డమ్మ ఆవు చుక్క మాత్రం నిలబడి గడ్డి మేస్తోంది. ఆమె ప్రాణం మీదకి తెచ్చింది అదే.

జర్మనీ యుద్ధం ముగిసిన మరుసటి వానాకాలం. కవిటి దగ్గర ఓ ఉద్దానం పల్లె. కొబ్బరి తోటల్లో ఎక్కడ చూసినా నీళ్లు, నీళ్ల మీద దోమలు. జ్వరం ముందు గున్నయ్య ఎద్దుకి వచ్చింది. నోట చొంగ కార్చింది, కాళ్లు బిగుసుకుపోయి కూలబడింది. తర్వాత ఇంటింటికీ పాకింది. కొన్ని లేచాయి, కొన్ని లేవనే లేదు.

పశువుల అమ్మోరు వచ్చిందన్నారు. అమ్మోరు తిరిగే ఊళ్లో తాలింపు పెట్టకూడదు, పొగ వెయ్యకూడదు. తల్లికి ఘాటు గిట్టదు. దాంతో సాయంత్రాలు పాకల్లో వేసే వేపాకు పొగ కూడా మానేశారు.

టెక్కలి నుంచి పశువుల డాక్టరు వచ్చి మొత్తుకున్నాడు.

"నా అనుమానం దోమల మీదే. జబ్బు పశువు రక్తం తాగిన దోమ ఒంట్లో ఆ విషం కొన్నాళ్లు పెరుగుతుంది. ఆ తర్వాత అది కుట్టిన పశువు పడిపోతుంది. పొగ మానకండయ్యా!"

"దోమెక్కడ, ఎద్దెక్కడ బాబూ!" అన్నాడు గున్నయ్య. జనం పగలబడి నవ్వారు.

బొడ్డమ్మ నవ్వలేదు. మొగుడు పోయాక చుక్క పాలమ్ముకునే బతుకుతోంది. తడక చాటున రోజూ పొగ వేసింది. పొగ దాగుతుందా? గున్నయ్య కంట పడనే పడింది. స్వయానా మరిది.

"తల్లికి ఎదురు పొగేసి, రోగాన్ని మన గొడ్ల మీదకి తోల్తన్నాది. ఇది సిల్లంగి కాక మరేటి?"

చిల్లంగి అంటే చేతబడి. ఆ పేరు పడిన ఆడదాని ముందరి పళ్లు పట్కారుతో ఊడబెరికి ఊరు దాటించేవారు. అలా గెంటేసిన ఎర్రమ్మ పక్కనున్న బారువ దాకా కూడా చేరలేదు, దారిలోనే పోయింది.

ఊరి పెద్ద వైకుంఠరావు పంచాయితీ పెట్టాడు.

"నీ ఆవుకెందుకు రానేదే?"

"దోమలు ముసరకండా పొగేసినాను బాబూ. డాకటేరుబాబు సెప్పినాడు కదా."

"ఓలమ్మో, ఎంత తెగింపే!" అని జనం మీదకొచ్చారు. వైకుంఠరావు చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మోరి సంబరం దాకా సూద్దాం. నీలో ఏ పాపమూ నేకపోతే తల్లి నీ ఆవునీ ముట్టుకుంటాది. ముట్టుకోనేదనుకో, కమ్మరి నారాయణని పిలిపిస్తాను."

పాకలో పొగ కుండని గున్నయ్యే తన్ని పగలగొట్టాడు.

అయినా చుక్క పడలేదు. గున్నయ్య పొద్దున్నే కంచె మీంచి తొంగి చూసేవాడు. అది తోక ఆడిస్తూ కనబడేది. "సూసినారా!" అని ఊరంతా చెప్పొచ్చేవాడు. బొడ్డమ్మకి ముద్ద దిగేది కాదు. సాయంత్రం ఊరంతా అమ్మోరి ఘటాల దగ్గర చేరేది. ఆమెని మాత్రం ఆ దరికి రానిచ్చేవారు కాదు. చుక్క మెడ పట్టుకుని ఆమె ఏడుస్తుంటే చూసినవాళ్లు "దొంగేడుపు" అని ఉమ్మేశారు.

రేపు సంబరం అనగా చుక్క కూలబడింది. నోట చొంగ, చెవులు వేలాడిపోయాయి. చీకటి పడేలోపే ప్రాణం పోయింది.

ఊరు ఊరంతా కదిలొచ్చింది. వైకుంఠరావు తల దించుకున్నాడు. "తప్పైపోనాది బొడ్డమ్మా."

"ఏడకొదినా," అన్నాడు గున్నయ్య, కళ్లు తుడుచుకుంటూ. "నీలో కల్మసం నేదని అమ్మోరే సాచ్చికం సెప్పినాది."

అందరూ వెళ్లిపోయారు. బొడ్డమ్మ చుక్క తల ఒళ్లో పెట్టుకుని, దాని చెవి దగ్గరకి వంగి గొణిగింది:

"అమ్మోరు కాదే నా తల్లీ, ఆళ్లందరూ ఘటాల కాడున్న సాయంత్రాలు నిన్ను తోలుకెళ్లి జబ్బుగొడ్ల మద్దిన, ఆ దోమల్లో కట్టింది నేనే."