మొహమాటం ముద్ద

పళ్లెంలో ఒకే ఒక్క తకోయాకీ మిగిలింది. ఆక్టోపస్ ముక్క కూరి కాల్చిన పిండి ఉండ. పైన చిక్కటి నల్ల సాసు. బల్ల చుట్టూ ముగ్గురు మగాళ్లు దాన్ని చూడనట్టే చూస్తున్నారు.

ఇలా మిగిలిపోయే ఆఖరి ముక్కకి మా ఒసాకాలో ఒక పేరుంది. మొహమాటం ముద్ద. ఆకలితో ప్రాణం పోతున్నా సరే, దాని మీద చెయ్యి వేయకూడదు. వేశాడా, జన్మంతా తిండిపోతు కిందే జమ.

అందులోనూ ఇవాళ! సెక్షన్ హెడ్ ముకాయామా రేపు రిటైరవుతున్నాడు. తన కుర్చీ కుజుహారాకా, తొయొనాగాకా అన్నది ఇక్కడే తేలుస్తానన్నాడు. ఆ కుర్చీ కోసమే ఇద్దరూ ఏళ్ల తరబడి ఆయన చచ్చు జోకులకి పడీ పడీ నవ్వుతున్నారు.

"మీరు తీసుకోండి కుజుహారా గారూ."

"అయ్యయ్యో, మీరుండగా నేనా? ముందు మీరు."

"నాకు పీకల దాకా అయింది బాబూ!" అన్నాడు తొయొనాగా. అతని కడుపు గుర్రుమంది.

కొట్టు యజమానురాలు వచ్చింది, పేరు సచియే. ఇందాక ఎప్పటిలాగే తలా రెండు తన చేత్తో వడ్డించి, ఆ ఒక్కటీ మధ్యలో ఉంచి వెళ్లింది ఆవిడే. "తీసేయమంటారా?" అంటూ పళ్లెం అందుకోబోయింది.

"ఆగమ్మా!" ముకాయామా బల్ల గుద్దాడు. తాగిన బీరు తలకెక్కింది. "ఛీ ఛీ! పిండి ఉండ తీసుకునే దమ్ము లేదు గానీ, సెక్షన్ నడుపుతారట! ఎవడు తింటే వాడిదేనయ్యా కుర్చీ!"

"వద్దు సార్, చల్లారిపోయింది! వేడివి తెస్తానుండండి!" సచియే కంగారుగా పళ్లెం లాగింది.

కుజుహారా ఆగితేగా! లటుక్కున నోట్లో వేసుకున్నాడు.

నమిలాడు. నములుతూనే ఉన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురుగా పెద్దాయన కన్నార్పకుండా చూస్తున్నాడు. ఉమ్మితే కుర్చీ పోయినట్టే. గ్లాసెడు బీరు గొంతులో పోసుకుని గుటుక్కున మింగేశాడు.

"ఎలా ఉందోయ్?"

"అద్భుతం సార్! ఇలాంటిది జన్మలో తినలేదు."

"శభాష్! కుర్చీ నీదే పో!"

తొయొనాగా పాపం, చప్పట్లు కొడుతూ ఏడ్చినంత పని చేశాడు.

సచియే వంటింట్లోకి పరుగెత్తి మొగుడి చెవిలో అంది: "ఏమండోయ్, కొంప మునిగింది, పదేళ్లుగా కడిగి సాసు పూసి పెడుతున్న మన మైనపు ఉండని ఇవాళ ఎవడో మింగేశాడు!"