ఖాళీ పిన్నులు

"ప్రోగ్రాం నాది సార్. రంజితన్న నా చిప్పు కాపీ కొట్టిండు!"

హిమజ మాటతో నాచారంలోని ఆ చిన్న డిస్‌ప్లే బోర్డుల కంపెనీలో సోల్డరింగ్ ఆగిపోయింది. యజమాని మురళీధర్ బల్ల మీద ఒకేలాంటి బోర్డులు రెండున్నాయి. రెండింటి మీదా ఎర్రటి ఎల్‌ఈడీలు 'ఉప్పల్ - నాచారం' అని తెలుగులో వెలుగుతున్నాయి. కాలేజీ బస్సులకు తెలుగు అక్షరాలు ఎవరు వెలిగిస్తే వాళ్లే కొత్త యూనిట్‌కు ఇన్‌చార్జి అని ఆయన ముందే చెప్పాడు.

"ఈమె సెలవుల ఉన్నప్పుడు నేను కూసొని రాసిన సార్. ఇప్పుడొచ్చి నాదంటున్నది," అన్నాడు రంజిత్.

"నువ్వే రాసినవా? అయితే చెప్పు. ఎల్‌ఈడీలు ఉల్టా ఎందుకు కలిపినవ్?" హిమజ అడిగింది.

రంజిత్ తడుముకోలేదు. "ఈ చిప్పు పిన్నుకు కరెంట్ బయటికి తోసే బలం లేదు సార్. లోపలికి గుంజమంటే మస్తు గుంజుతది. గందుకే పిన్ను జీరో అయినప్పుడు లైటు వెలిగేటట్టు పెట్టిన."

సరైన జవాబే. మురళీధర్ తలూపాడు. హిమజ పెదవి కొరుక్కుంది.

"ఇంకేమన్న ఉందా చెల్లే?" రంజిత్ నవ్వాడు.

"ఒక్కటే అన్నా. చిప్పుకు ఎనిమిది పిన్నులు ఖాళీగా ఎందుకున్నయ్?"

"అక్కర లేక వదిలేసిన. గదేం ప్రశ్న?"

మురళీధర్ ముందుకు వంగాడు. "ఆగు. కాలేజోళ్లు కింద ఇంకో లైను కావాలంటున్నరు. ఆ పిన్నులతోని అయితదా?"

"ఎందుకు కాదు సార్! ఇప్పుడే కలుపుత. లైట్లు పని చేస్తున్నయా లేదా సూడుండ్రి, ప్రోగ్రాం రేపు మారుస్త."

రంజిత్ అలమరలోంచి ఇంకో ఎల్‌ఈడీ పలక తెచ్చాడు. నిలువు వరుసల తీగలను తన బోర్డు మీది పై పలకతో కలిపాడు. అడ్డ వరుసల ఎనిమిది తీగలను ఖాళీ పిన్నులకు చకచకా అతికించాడు. చెయ్యి తిరిగినవాడే. ఒక్క తీగ కూడా తప్పుగా పడలేదు.

"సగం పని అయిపోయింది సార్. గీమెకైతే వారం పట్టేది," అంటూ చేతులు దులుపుకున్నాడు. "ఇన్‌చార్జి కుర్చీ ఏడేస్తున్నరు?"

మురళీధర్ హిమజ వైపు చూశాడు. "ఇంక నువ్వు చెప్పేదేమన్న ఉందా అమ్మా?"

"ఏం లేదు సార్. జర స్విచ్ నన్ను వెయ్యనియ్యుండ్రి."

హిమజ స్విచ్ వేసింది. పై పలక మీద ఎప్పటిలాగే 'ఉప్పల్ - నాచారం' వెలిగింది. కాపీతో పాటే వచ్చి, ఇన్నాళ్లూ ఖాళీ పిన్నుల మీద ఎవరికీ కనిపించకుండా పరుగెత్తిన అక్షరాలకు, రంజిత్ తన చేత్తో తగిలించిన ఎల్‌ఈడీలు ప్రాణం పోశాయి. కింది పలక ఎర్రగా మెరిసింది:

'రాసింది హిమజ.'