సగం రిపేరు

"మళ్లీ పోయిందండీ," అంటూ సుధారాణి మానిటర్‌ను దాసు వైపు తిప్పింది.

నల్లటి తెర మీద అదే లైను. కమాండ్ నాట్ ఫౌండ్, ఆ పేరుతో ఏదీ దొరకలేదని. జూన్ నుంచి ఇది ఏడోసారి.

దాసు బ్యాగు కింద పెట్టి కూర్చున్నాడు. కంప్యూటర్లు బాగుచేసే ఒక నిజామాబాద్ సంస్థలో అతని ఉద్యోగం. బోధన్ దగ్గరి ఈ పాలిటెక్నిక్ కాలేజీ పని జూన్‌లోనే ఆ సంస్థకు వచ్చింది. లైబ్రరీలో, విండోస్ కాకుండా లైనక్స్‌తో నడిచే ఈ మిషన్‌లో పుస్తకాల జాబితా చూపే ప్రోగ్రాం ఉంది. పేరు టైపు చేస్తే తెరుచుకోవాలి. తెరుచుకోదు. లైబ్రరీ చూసుకునేది సుధారాణి.

"ప్రోగ్రాం ఎటు పోలేదు మేడం, ఉన్నకాడ్నే ఉంది," అని మొదటిసారే చెప్పాడతను. "ఎక్కడెక్కడ వెతకాల్నో మిషన్‌కు ఒక లిస్టు ఉంటది. పాథ్ అంటరు. గా లిస్టుల మన ఫోల్డర్ పేరు లేదు. గందుకే దొరుకుత లేదు."

ఆ రోజు ఫోల్డర్ పేరు చేర్చాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. ఆమె ముఖం విప్పారింది.

కానీ అతను చేసింది సగం రిపేరే. అలా టైపు చేసిన మాట ఆ విండో మూసేదాకానే నిలుస్తుంది. ఆ మిషన్‌ను రోజూ ఆపరు గానీ, ఎప్పుడైనా కరెంటు పోతే అంతే సంగతి. ఎప్పటికీ ఉండాలంటే అదే లైనును ఇంకో ఫైలులో రాసి పెట్టాలి. అర నిమిషం పని. దాసు ఆ ఫైలు తెరిచాడు కూడా. కాసేపు చూసి, ఏమీ రాయకుండా మూసేశాడు.

ఇరవై ఏళ్ల కిందట వాళ్లిద్దరూ బోధన్‌లో ఒకే కాలేజీలో డిగ్రీ చదివారు. ఆమె బొటనీ, అతను లెక్కలు. ఆమె తండ్రి రత్తయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోటగిరి దగ్గర కాలువ కింద భూమి కొన్నాడు. దాసు తండ్రి మోజెస్ ఆ పొలంలోనే చెరుకు కొట్టేవాడు. ఆఖరి పరీక్ష రాసిన రోజు, నాలుగు గంటలకు బస్టాండులో ఉంటానని, వచ్చి ఒక్క మాట చెబితే చాలని ఆమె అంది. దాసు వెళ్లాడు. ఎదురుగా ఉన్న హోటల్ గోడ చాటున నిలబడ్డాడు. ఆమె నాలుగు గంటల బస్సు వదిలేసింది. అయిదు గంటల బస్సు కూడా వదిలేసింది. ఆరు గంటల బస్సెక్కి వెళ్లిపోయింది. అతను గోడ చాటునుంచి బయటికి రాలేదు.

మళ్లీ జూన్‌లో ఈ గదిలోనే చూడటం. "బాగున్నారా?" అని ఆమే అడిగింది. "బాగున్న మేడం," అన్నాడు. ఆ పిలుపు ఒకసారి నోట్లోంచి వచ్చాక ఇక మార్చలేకపోయాడు.

ఆ తర్వాత రెండు వారాలకోసారి ఫోను వచ్చేది. దాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని బోధన్ బస్సెక్కేవాడు. ఆమె ఫ్లాస్కులోంచి చాయ్ పోసి, పాథ్ అంటే ఏమిటో మరిచిపోయానని, మళ్లీ చెప్పమని అడిగేది. అతను మొదటినుంచి నెమ్మదిగా చెప్పేవాడు. ఆమె చెంపకు చెయ్యి ఆనించుకుని వినేది. ఆ మాటల మధ్యే, ఆమె పెళ్లి చేసుకోలేదని అతనికి తెలిసింది. అతని భార్య చనిపోయి ఐదేళ్లయిందని ఆమెకు తెలిసింది. అంతకు మించి ఇద్దరూ ఏమీ అడగలేదు. రెండు వారాలు దాటితే మాత్రం దాసు ఫోను తీసి, సిగ్నల్ ఉందో లేదో చూసుకునేవాడు.

ఇప్పుడతనికి హైదరాబాద్‌లో పర్మినెంట్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇకమీద ఇక్కడినుంచి ఫోను వస్తే సంస్థ తరఫున ఇంకెవరో వస్తారు.

"మేడం, ఒక మాట చెప్పాలె," అన్నాడు తెర మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇన్ని రోజులు నేను సగం పనే చేసిన. ఇది మళ్ల మళ్ల పోకుంట చెయ్యొచ్చు. మొదటి రోజే చెయ్యొచ్చు."

"మరెందుకు చేయలేదు?"

అతను కీబోర్డును దగ్గరకు జరుపుకున్నాడు. "మీరు మళ్ల పిలుస్తరని."

ఆమె ఫ్లాస్కులోంచి చాయ్ పోసి అతని ముందు పెట్టింది. అతను హైదరాబాద్ సంగతి చెప్పాడు. ఆ ఫైలు తెరిచి, వేళ్లు కీబోర్డు మీద పెట్టాడు.

"రాయక తప్పదా?" అంది ఆమె.

"సగం చేసి పోతే మనసొప్పదు మేడం."

"అయితే రాయండి."

రాశాడు. మిషన్ ఆపి మళ్లీ వేశాడు. పేరు టైపు చేయగానే ప్రోగ్రాం తెరుచుకుంది. మొదటి రోజు విప్పారిన ఆ ముఖం ఈసారి విప్పారలేదు. ఫ్లాస్కు మూత బిగించి, ఆమె కిటికీ వైపు తిరిగింది. దాసు చెప్పాలనుకున్న మాట ఇంకొకటి ఉంది. ఇరవై ఏళ్ల కిందటిలాగే ఇప్పుడూ అది చెప్పలేదు. బ్యాగు భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

ఆఖరి రోజు కాబట్టి పని కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆత్మారాం సారు కళ్లజోడు సవరించుకుని కాగితం చదివాడు.

"ఒక్క మిషన్‌కే ఏడుసార్లు వచ్చిండ్రు. అసలేమైంది దానికి?"

"చిన్నదే సార్, పాథ్ సమస్య. మేడంకు లైనక్స్ ఎరుక లేదు గదా, గందుకే నన్ను పిలిచేది."

ఆత్మారాం సారు సంతకం ఆపి తలెత్తాడు.

"లైబ్రరీతో పాటు మూడేండ్ల సంది మా పిల్లలకు లైనక్స్ చెప్పేదే సుధారాణి మేడం."