ఈ వేసవికీ మా పడవ దిగుతుంది

మే పదిహేడు జాతీయ పండగ లోపలే పడవను నీళ్లలోకి దింపాలని పట్టుబట్టి, దాని అడుగున రెండో పూత రంగు వేస్తున్నాను. బీమా కాగితాలు పట్టుకుని మా ఊరి బీమా ఏజెంటు స్వెర్రె వచ్చాడు.

“అక్కా, నీకు ఈతే రాదు. ఊళ్లో అందరూ చెప్తున్నట్టు దీన్ని అమ్మేయరాదూ?”

“నీకు వంట రాదు. తినడం మానేశావా?”

నవ్వి కాగితం తీశాడు. “నడిపేది ఎవరని రాయను?”

“నేనే. చలికాలమంతా చదివి పడవ లైసెన్సు పరీక్ష రాశాను. మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాను.”

“కిందటి వేసవిలో పడవకేమైనా దెబ్బ తగిలిందా?”

“గీత కూడా పడలేదు. నీకు తెలీదా?”

అతను తల దించుకున్నాడు. నా కొడుకు హాల్వర్ లేకుండా ఒంటరిగా తేలుతున్న ఈ పడవను ఒడ్డుకు లాక్కొచ్చింది అతనే.

మెల్లగా అడిగాడు. “లైఫ్ జాకెట్ ఉందా?”

“ఉంది. కొత్తదే.”

హాల్వర్ పుట్టినరోజుకి నేను కొనిచ్చింది. ఆ రోజు పడవలో సీటు కింద, మడత విప్పకుండానే దొరికింది.

బ్రష్షు పక్కన పెట్టి, దాన్ని తొడుక్కుని చూపించాను.

“భుజాల దగ్గర కాస్త వదులు. పట్టీలు బిగించుకుంటాను. రాసుకో.”